స్వేదనజలంలో అందరూ పాసే

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. నాకిచ్చిన అంశం తాగునీటిలో విషలోహాలు, వాటిని పట్టే ఆప్టికల్ బయోసెన్సర్లు. ఇరవై స్లైడ్లు తెచ్చాను. ఎన్నింటిదాకా వెళ్తామో చూద్దాం.

ముందు ఒక మాట అడుగుతాను. నీళ్లు కాచి తాగితే ఏ భయమూ లేదనుకునేవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు, దించండి. కాచితే క్రిములు చస్తాయి. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం ఎక్కడికీ పోవు. నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి కూడా. కంటికి కనపడవు, ముక్కుకు తెలియవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సీసానికీ ఆర్సెనిక్‌కీ చెప్పిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే 1000 లీటర్ల ట్యాంకులో 10 మిల్లీగ్రాములు, చిటికెడు ఉప్పులో పిసరంత. కాడ్మియానికైతే 3 మైక్రోగ్రాములే. ఇంత కొద్ది మోతాదును కొలిచే ఐసీపీ-ఎంఎస్ అనే పెద్ద యంత్రం ప్రయోగశాలల్లో ఉంది. కానీ అది నీటి దగ్గరికి రాదు, నీరే దాని దగ్గరికి వెళ్లాలి.

అందుకని బయోసెన్సర్. గుర్తుపట్టేది జీవపదార్థం, కబురు చెప్పేది వెలుగు. డీఎన్‌ఏ పోగుల్లో కొన్ని కత్తెరలా పనిచేస్తాయి. 1994లో బ్రేకర్, జాయిస్ అనే శాస్త్రవేత్తలు చూపించిన మొదటి డీఎన్‌ఏ కత్తెర సీసం అందితేనే కదిలింది. 2000లో జింగ్ లీ, యీ లూ అలాంటి మరో కత్తెరకు వెలుగును జోడించారు. మెరిసే రంగును ఒక పోగుకు కట్టి, దాన్ని ఆర్పే అణువును పక్కనే కూర్చోబెడతారు. సీసం వచ్చి పోగు తెగగానే ఆ రెండూ దూరమవుతాయి, మెరుపు బయటపడుతుంది. ఆర్సెనిక్ తగిలితే వెలిగే బ్యాక్టీరియా కూడా ఉంది గానీ, దాన్ని బతికించుకోవడమే ఒక ఉద్యోగం.

నేను పనిచేసింది బంగారంతో. 13 నానోమీటర్ల బంగారు రేణువులు విడివిడిగా ఉంటే నీరు ఎర్రగా ఉంటుంది, ముద్దకడితే నీలమవుతుంది. సీసం తగిలితేనే ముద్దకట్టేలా మేం తయారుచేశాం. స్వేదనజలంలో తెలిసినంత సీసం కలిపి చూస్తే వంద శాతం సరి. పేపరు అచ్చయింది, చప్పట్లు కొట్టారు.

తర్వాత ఒక పెద్దాయన బావి దగ్గరికి వెళ్లాను. నీరు పోసి మూత బిగించి పరీక్షనాళికను ఎండకెత్తి పట్టుకున్నాను. నిమిషం తిరక్కుండా ఎరుపు ఊదాగా, ఊదా నీలంగా మారిపోయింది. "ఈ నీళ్లు తాగకండి" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఆయన ఆ సాయంత్రమే బావిమీద రేకు కప్పేశారు.

పెద్ద యంత్రం ఫలితం మూడు వారాలకొచ్చింది. సీసం లేదు. ఉన్నది కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు. మా రేణువులను విడివిడిగా ఉంచే విద్యుదావేశాన్ని కఠినజలం కప్పేస్తే సీసం లేకుండానే అవి ముద్దకట్టాయి. ఇది పాఠ్యపుస్తకంలో ఉన్న విషయమే. నాకు తెలుసు. పేపర్లో రాయలేదు, అంతే.

మళ్లీ వెళ్లి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అప్పుడు నీలంగా ఉంది తాగొద్దన్నారు. ఇప్పుడు కాగితం చూసి తాగమంటున్నారు. రేపు ఇంకేం తెస్తారు?" అన్నారు. రేకు మాత్రం తీయలేదు.

ఇక్కడ కూర్చున్న పరిశోధక విద్యార్థులూ, మీ మార్గదర్శకులూ, దయచేసి వినండి. ఎంత తక్కువ పట్టామో చెప్పే అంకె పేపరు మొదటి పేజీలోనే ఉంటుంది. బావినీటిలో ఎన్నిసార్లు తప్పు చెప్పిందో ఏ పేజీలో ఉంది? నా పేపర్లో ఏ పేజీలోనూ లేదు. ఉన్న సీసాన్ని పట్టడం సగం పనే. లేనప్పుడు లేదనడం మిగతా సగం. దానికెవరూ చప్పట్లు కొట్టరు.

అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. అయిదో స్లైడు కూడా దాటలేదు, మన్నించండి. ఈ బల్లమీద ఒక సీసా పెడుతున్నాను. ఇందులో సీసం లేదని పెద్ద యంత్రం తేల్చింది, కాల్షియం మాత్రం దండిగా ఉంది. సెన్సర్లు తయారుచేస్తున్నవాళ్లు విరామంలో వచ్చి తలా కాస్త పట్టుకెళ్లండి. నీలం వస్తే నాకు చెప్పండి.