రెండో ఆయుధాగారం: బ్రిటిష్ ఇండియాలో పార్ట్‌టైమ్ సైన్యాలు

అందరికీ నమస్కారం.

చిట్టగాంగ్ ఆయుధాగారం మీద దాడి గురించి మనందరం స్కూల్లో చదువుకున్నాం. 1930 ఏప్రిల్ 18 రాత్రి సూర్యసేన్ దళం చేసిన దాడి. ఆ రాత్రి వాళ్లు పట్టుకున్నది ఒక ఆయుధాగారాన్ని కాదు, రెండింటిని. ఒకటి పోలీసులది. రెండోది ఆగ్జిలరీ ఫోర్స్‌ది. ఈ రెండోదాన్ని మన పాఠాలు ఒక్క ముక్కలో దాటేస్తాయి. లోకనాథ్ బల్ వెంట అక్కడికి వెళ్లిన కుర్రాళ్లకు లూయిస్ గన్‌లు (తేలికపాటి మెషిన్ గన్‌లు) దొరికాయి, తూటాలు దొరకలేదు. అవి వేరేచోట దాచి ఉన్నాయి. నాలుగు రోజుల తర్వాత జలాలాబాద్ కొండ మీద వాళ్లను చుట్టుముట్టిన బలగాల్లో సుర్మా వ్యాలీ లైట్ హార్స్ కూడా ఉంది. మామూలు రోజుల్లో టీ తోటలు చూసుకునే తెల్లదొరల గుర్రపు దళం అది.

ఎవరీ ఆగ్జిలరీ ఫోర్స్ వాళ్లు? పగలు ఆఫీసుల్లో, రైళ్ల మీద, తోటల్లో పని. సాయంత్రాలో ఆదివారాలో డ్రిల్లు, షూటింగ్ ప్రాక్టీసు. వీళ్లకు శత్రువు సరిహద్దు అవతల లేడు. రైల్వే స్టేషన్, ఖజానా, టెలిగ్రాఫ్ ఆఫీసు, దొరల బంగళాలు... ఇవి కాపాడితే చాలు. ఎవరి నుంచి కాపాడాలి అంటే, మన నుంచే!

ఈ ఏర్పాటుకు ఊపిరి పోసింది 1857 తిరుగుబాటు. మద్రాస్ వాలంటీర్ గార్డ్స్ పుట్టింది ఆ ఏడాదే. తర్వాత ఇలాంటి దళాలు ఊరూరా వెలిశాయి. వాటిలో చేరేది యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. చదువుకున్న భారతీయులు మమ్మల్నీ చేర్చుకోండని అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1886లో కలకత్తాలో జరిగిన రెండో కాంగ్రెస్ మహాసభ దీని మీద తీర్మానమే చేసింది. స్వరాజ్యం మాట ఇంకా ఎత్తని రోజుల్లో మనవాళ్లు తుపాకీ అడిగారు, అదీ రాణిగారి తరఫున పట్టుకోవడానికి. దానికి కూడా నమ్మలేదు. నన్నడిగితే, విధేయుల మనసు విరగడం అక్కడే మొదలైంది.

మొదటి ప్రపంచ యుద్ధం ముదిరాక, 1917లో, ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం తెచ్చారు. యూరోపియన్లకు సేవ తప్పనిసరి, భారతీయులకు ఐచ్ఛికం. కాలేజీ కుర్రాళ్లకు యూనివర్సిటీ దళాలు పెట్టారు. కలకత్తాలో అలా చేరిన ఒక విద్యార్థి ఫోర్ట్ విలియం దగ్గర క్యాంపులో ఖాకీ వేసుకుని రైఫిల్ నేర్చుకున్నాడు, ఆ బతుకు అతనికి తెగ నచ్చింది. ఆయనే సుభాష్ చంద్రబోస్. 1928 కలకత్తా కాంగ్రెస్‌లో ఆయన యూనిఫాం వేసుకుని వాలంటీర్లతో కవాతు చేయించడానికి బీజం ఎక్కడ పడిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక 1920. ఆ ఏడాది ఒకటి కాదు, రెండు చట్టాలు వచ్చాయి. ఆగ్జిలరీ ఫోర్స్ యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు. టెరిటోరియల్ ఫోర్స్ భారతీయులకు. రెండూ పార్ట్‌టైమే. కానీ షరతులు చూడండి. ఆగ్జిలరీవాడు తన ప్రాంతం దాటి వెళ్లక్కర్లేదు, ఇంటి దగ్గరే సాయుధుడిగా ఉండాలి. టెరిటోరియల్‌వాడిని మాత్రం దేశంలో ఎక్కడికైనా, అవసరమైతే సముద్రం దాటించి కూడా పంపొచ్చు. అతనికి శిక్షణ ఏటా కొద్ది వారాల క్యాంపులో. క్యాంపు అయిపోయాక మళ్లీ మామూలు మనిషి. సొంత ఊళ్లో తుపాకీతో ఎవరిని ఉంచొచ్చో, ఎవరిని ఉంచకూడదో ఈ షరతుల్లోనే ఉంది. 1924లో సర్ జాన్ షియా అనే సైనికాధికారి అధ్యక్షతన ఒక కమిటీ ఈ తేడాల మీద విచారించింది, కొన్ని సవరణలు జరిగాయి, రెండు ఫోర్సులు మాత్రం రెండుగానే మిగిలాయి.

మన వైపు ఇది బాగా కనిపించేది రైల్వే కాలనీల్లో. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేకి, వాల్తేరు దాకా వచ్చిన బెంగాల్ నాగపూర్ రైల్వేకి సొంత ఆగ్జిలరీ దళాలుండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్‌లుగా ఉన్న ఆంగ్లో ఇండియన్లకు ఉద్యోగంతోపాటు ఇదీ తప్పేది కాదు. పాపం, వాళ్ల ఇరకాటం కూడా తలుచుకోవాలి. సమ్మె వస్తే పక్క బెంచీలో పనిచేసేవాడి ముందే రైఫిల్ పట్టుకుని నిలబడాలి. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్ సమ్మెలో ఆగ్జిలరీ ఫోర్స్‌ను దించారు. ఆ రైల్వే కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో మన వి.వి. గిరి ఒకరు. ఇంత జరిగాక సంఘాలకు ఆ దళాల మీద నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

టెరిటోరియల్ వైపు కథ ఇంకోలా నడిచింది. లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనాధిపతులు దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చేశారు. ఇదే మద్రాస్ సిపాయిలతో కంపెనీ దక్షిణమంతా గెలిచిన సంగతి మరిచిపోయారు కాబోలు! పదాతిదళంలో తెలుగువాళ్ల భర్తీ బాగా తగ్గింది. 1928 నాటికి, ఖర్చు తగ్గించే పేరుతో, 3వ మద్రాస్ రెజిమెంట్ రెగ్యులర్ బెటాలియన్లన్నీ రద్దయ్యాయి. ఆ పేరు మోసింది టెరిటోరియల్ బెటాలియన్లే, అంటే ఏడాదిలో కొన్నాళ్లు మాత్రమే సైనికులైనవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడి మనుషులు కావాల్సివచ్చేసరికి కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే ఈ యోధ జాతుల సిద్ధాంతం పక్కకు పోయింది. 1941లో మద్రాస్ రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టేటప్పుడు అక్కరకొచ్చింది ఈ టెరిటోరియల్ బెటాలియన్లే.