సనదు చేతికొచ్చాక మూడేళ్లు ఎలా గడవాలి?

నమస్కారం. లా పూర్తి చేసి, సనదు అంటే వకీలుగా పనిచేసే అనుమతి తీసుకుని తిరుపతి, చిత్తూరు కోర్టుల్లో కొత్తగా అడుగుపెడుతున్న వారి కోసం ఈ వీడియో. అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని వింటే మరీ మంచిది.

పేరున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చదివిన కొందరికి పట్టా రాకముందే ముంబయిలోనో ఢిల్లీలోనో మంచి జీతంతో ఉద్యోగం ఖాయమవుతుంది. జిల్లా కోర్టులో జూనియర్‌గా చేరినవారికి బస్సు ఛార్జీలు కూడా రాని నెలలుంటాయి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు సీనియర్లు ఇవ్వాలని 2024 అక్టోబరులో న్యాయవాదుల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. కానీ అది సూచనే, తప్పనిసరి కాదు.

పోనీ, పగలు ఉద్యోగం చేసుకుంటూ ప్రాక్టీసు నిలబెట్టుకుందామా అంటే బార్ కౌన్సిల్ 49వ నియమం ఒప్పుకోదు. పూర్తికాలం జీతానికి పనిచేసేవారు వకీలుగా కొనసాగకూడదు. శ్రీసిటీలో ఏ కంపెనీ లీగల్ విభాగంలోనో చేరితే సనదు పక్కన పెట్టాల్సిందే. జడ్జి కావాలనుకునేవారు ఇక్కడే ఆగి ఆలోచించాలి. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న తీర్పు చెప్పింది. కంపెనీలో గడిపిన కాలం ఆ లెక్కలోకి రాదు. కోర్టు అనుభవం లేకుండా తీర్పులు రాయడం కష్టమన్న మాట నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ పలమనేరు నుంచి వచ్చి చిత్తూరులో గది అద్దె కట్టుకునే అమ్మాయి ఆ మూడేళ్లూ ఏం తిని బతకాలి? ఇంట్లోనే ఆఫీసున్న వకీలు పిల్లలకు ఈ ప్రశ్న ఎదురుకాదు. నాకు కోపం తెప్పించేది అదే.

అందుకే చేరే ముందే నెలకు ఎంత ఇస్తారని సీనియర్‌ను అడగండి, మొహమాటపడకండి. డబ్బు తక్కువైనా, వకాలత్‌లో (కేసు వాదించమని కక్షిదారు వకీలుకు ఇచ్చే పత్రంలో) మీ పేరు వేసి సాక్షుల విచారణ దగ్గర నిలబెట్టే ఆఫీసు మేలు. వాయిదాలు అడగడానికే పంపే చోట ఏడాదికి మించి ఉండకండి. జడ్జి పరీక్షకు చూపాల్సిన ప్రాక్టీసు ధ్రువపత్రానికి పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సంతకం, దానిపై జిల్లా ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరణ కావాలి. కాబట్టి కేసు నంబరు, తేదీ, ఆ రోజు చేసిన పని మొదటి రోజు నుంచే పుస్తకంలో రాసుకోండి. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ (బార్ పరీక్ష పాసవకముందే వకీలుగా చేసే నమోదు) తేదీ నుంచే కాలం లెక్కకొస్తుంది, ఆ కాగితం భద్రం.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్రకటనలూ గమనించండి. వకీలును పెట్టుకోలేని నిందితుల తరఫున ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థలో సహాయక పోస్టులకు మూడేళ్లలోపు అనుభవమున్నా చాలు. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది, క్రిమినల్ కేసులు చేతికొస్తాయి. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి సెక్షన్లు సీనియర్లూ మళ్లీ నేర్చుకుంటున్నారు. బాగా చదివిన జూనియర్‌కు ఇది మంచి సమయం.

సీనియర్లకు ఒక విన్నపం. మీ పిటిషన్లు రాసిపెట్టే పిల్లలకు ఎంతైనా సరే, ప్రతి నెలా ఒకే తేదీన ఇవ్వండి. వాళ్లు అడిగేదాకా ఆగకండి.