పెద్ద ఆర్సీ (రిమోట్‌తో నడిపే) కారు చక్రం వణుకుతోందా? సీసం ముక్క అంటించే ముందు ఇది చూడండి

[దృశ్యం: మట్టి మైదానంలో వేగంగా పోతున్న 1/5 స్కేల్ (అసలు కారులో ఐదో వంతు సైజు) పెట్రోల్ కారు. ముందు చక్రాలు వణుకుతుంటాయి.]

ఈ దడదడ వినండి. ఇంజిన్ చప్పుడు కాదిది. థ్రాటిల్ వదిలేసినా, కారు వేగంగా దొర్లుతున్నంతసేపూ వస్తూనే ఉంది. వేగం తగ్గితే తగ్గుతోంది. అంటే చక్రాలదే.

నమస్తే అండీ. పెద్ద ఆర్సీ కార్ల చక్రాలను ఇంట్లోనే ఎలా బ్యాలెన్స్ చేసుకోవాలో, అంటే చుట్టూ బరువు సమానంగా ఉండేలా ఎలా సరిచేసుకోవాలో ఈరోజు చూద్దాం. హెచ్‌పీఐ బాజా 5బి, ట్రాక్సాస్ ఎక్స్-మ్యాక్స్ లాంటి బండ్లు ఉన్నవాళ్లకు ఇది తప్పకుండా పనికొస్తుంది.

[దృశ్యం: అరచేతిలో పది రూపాయల బిళ్ల. పక్కనే టైరు.]

పది రూపాయల బిళ్ల బరువు 8 గ్రాముల లోపే. టైరు అంచులో ఒకచోట అంత బరువు ఎక్కువుందనుకోండి. టైరు వ్యాసం 180 మిల్లీమీటర్లు, వేగం గంటకు 80 కిలోమీటర్లు. అప్పుడు చక్రం సెకనుకు దాదాపు 39 చుట్లు తిరుగుతుంది. ఆ చిన్న బిళ్ల చక్రాన్ని 4 కిలోల బలంతో బయటికి లాగుతుంది. ఒకసారి పైకి, ఒకసారి కిందికి, సెకనుకు 39 సార్లు! వేగం 40కి తగ్గితే ఆ లాగుడు కిలోకి పడిపోతుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతు అవుతుంది కాబట్టే, నెమ్మదిగా నడిపేటప్పుడు మనకు ఈ లోపం తెలియదు. ఆ దెబ్బంతా బేరింగుల మీద, ముందువైపైతే స్టీరింగ్ సర్వో (చక్రాలను పక్కలకు తిప్పే చిన్న మోటారు) పళ్ల మీద పడుతుంది.

[దృశ్యం: బల్ల మీద రెండు చెక్క స్తంభాలు. ఒక్కో దాని మీద పక్కపక్కనే రెండు చిన్న బేరింగులు.]

స్టాండ్ చాలా తేలిక. రెండు బేరింగుల మధ్య పల్లంలో వంపులేని ఉక్కు కడ్డీ ఆనుతుంది. కారుకు వాడే 24 మిల్లీమీటర్ల ఆరుపలకల హబ్‌నే (చక్రాన్ని ఇరుసుకు పట్టించే ముక్క) కడ్డీకి సరిగ్గా మధ్యకు వచ్చేలా బిగించి, దానికి చక్రం తొడగాలి. బేరింగుల్లో గ్రీజు ఉంటే చక్రం ఎక్కడో ఒకచోట బిగుసుకుని ఆగి మనల్ని మోసం చేస్తుంది. గ్రీజు కడిగేసి, ఒక్క చుక్క పల్చటి నూనె వేయండి.

చక్రాన్ని మెల్లగా తిప్పి వదలండి. బరువైన వైపు కిందికి వచ్చి ఆగుతుంది. పైన సుద్దతో గీత పెట్టండి. మూడు నాలుగు సార్లు తిప్పినా అదే గీత పైకి వస్తే, లోపం నిజమే. ఒకసారి చక్రాన్ని హబ్ మీద సగం చుట్టు మార్చి తొడిగి చూడండి. అప్పుడు వేరే చోటు పైకి వస్తే, తేడా కడ్డీలోనో హబ్‌లోనో ఉన్నట్టు.

[దృశ్యం: రిమ్ రింగ్ స్క్రూలు విప్పుతున్న చేతులు.]

చాలామంది ఇక్కడే తొందరపడి వెయిట్ (సీసం ముక్క) అంటించేస్తారు. దయచేసి ఆగండి. రిమ్ముకు ఒక బరువైన వైపు ఉంటుంది, టైరుకు ఇంకొకటి ఉంటుంది. రెండూ ఒకేవైపు పడితే తేడా పెరిగిపోతుంది, ఎదురెదురుగా పడితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రింగ్, స్క్రూలతో టైరును బిగించే రకం రిమ్ అయితే టైరును సగం చుట్టు జరిపి బిగించి, మళ్లీ స్టాండ్ మీద పెట్టండి. నా వెనక చక్రం ఒకటి 20 గ్రాములు అడిగింది. టైరు జరిపాక 6 గ్రాములతో సరిపోయింది.

విప్పినప్పుడు టైరు లోపల ఉండే ఫోమ్ (స్పాంజి) కూడా చూడండి. నా అనుభవంలో సగం గొడవ అక్కడే. ఒకచోట మడతపడి ఉంటుంది, లేదా అతుకు దగ్గర దళసరిగా ఉంటుంది. వానలో నడిపి ఉంటే నీళ్లు పీల్చుకుని ఒకవైపు బరువెక్కి ఉంటుంది. తడి ఫోమ్‌ను బ్యాలెన్స్ చేయకండి. అది ఆరిపోయాక మీ లెక్కంతా తప్పవుతుంది. టైరును గమ్‌తో అంటించిన రిమ్ అయితే జరపడం కుదరదు, నేరుగా వెయిట్ పెట్టుకోవాల్సిందే.

[దృశ్యం: రిమ్ లోపలి అంచుకు క్లే ముద్ద.]

పైకి వచ్చిన గీత దగ్గర పిల్లలు ఆడుకునే క్లే కొంచెం పెట్టండి. ఇప్పుడు ఆ గీతను పక్కకు, గడియారంలో మూడు ఉండేచోటికి తెచ్చి వదలండి. క్లే వైపు కిందికి జారితే బరువెక్కువైంది, పైకి లేస్తే చాలలేదు. ఎక్కడ వదిలితే అక్కడ నిలబడేదాకా చిటికెడు చిటికెడు మార్చండి. చివరికి ఆ క్లే తూచి, అంతే బరువున్న వెయిట్ అంటించండి. బైకు, కారు టైర్లు బ్యాలెన్స్ చేసే షాపులో అడిగితే 5 గ్రాముల స్టిక్కర్ వెయిట్లు ఇస్తారు. కత్తిరించి వాడుకోవచ్చు.

టైరు వెడల్పైనది కదా, బరువంతా ఒకే అంచున పెడితే చక్రం పక్కకు ఊగడం మొదలవుతుంది. స్టాండ్ మీద అది కనిపించదు. అందుకే సగం లోపలి అంచున, సగం బయటి అంచున పెట్టండి. అంటించే చోటును ముందు స్పిరిట్‌తో తుడవండి, వెయిట్ పైన గట్టి టేపు చుట్టండి.

ఒక్క జాగ్రత్త. పరీక్షకని కారును పైకెత్తి ఫుల్ థ్రాటిల్ ఇవ్వకండి. లోపల బెల్ట్ (సాగకుండా పట్టి ఉంచే పట్టీ) లేని టైర్లు ఉబ్బిపోతాయి, చిరగొచ్చు, అంటించిన వెయిట్ ఎగిరి కంటికి తగలొచ్చు. ఒకవైపు చక్రం ఆగితే డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు తిప్పుడు పంచే గేర్లు) వల్ల రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది.

[దృశ్యం: అదే మైదానం, అదే కారు. చక్రాల వణుకు లేదు.]

మొదటి రన్ తర్వాత రిమ్ లోపల అంటుకున్న మట్టి గీకేయండి. గట్టిపడిన మట్టి ముద్ద ఒక్కటి చాలు, మళ్లీ వణుకు రావడానికి. వెయిట్ పక్కన మార్కర్‌తో గీత గీసి ఉంచుకుంటే, అది జరిగిందో లేదో చూడగానే తెలుస్తుంది. జరిగితే టేపు తీసి, తుడిచి, మళ్లీ అంటించండి.