రోజు తప్పని భక్తి: ప్రాచీన మాయా ప్రజల పూజలు, బలులు

అందరికీ నమస్కారం.

నేటి మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లో బతికిన ప్రాచీన మాయా ప్రజల దేవుళ్ల పేర్లు వరసగా చదివితే ఈ సాయంత్రమంతా సరిపోతుంది. వానకు చాక్, రాజవంశాలకు అండగా కావిల్, అందరికన్నా పెద్ద ఇట్సమ్నా, మొక్కజొన్నకు ఎప్పటికీ ముసలితనం రాని ఒక యువదేవుడు. పేర్లు తెలిసినంత మాత్రాన ఆ మతం బోధపడదు. ఈ దేవుళ్లు మనుషుల్ని అసలు ఎందుకు పుట్టించారు? అక్కణ్నుంచి మొదలుపెడదాం.

గ్వాటెమాలా కొండల్లోని కిచె మాయల సృష్టికథ ‘పోపోల్ వుహ్’లో దీనికి జవాబుంది. దేవుళ్లు ముందు జంతువుల్ని చేసి, మా పేర్లు పలకండి, మా రోజులు పాటించండి అన్నారు. అవి అరిచాయి, కూశాయి, పేరు మాత్రం పలకలేకపోయాయి. మట్టితో మనిషిని చేస్తే నీళ్లకు కరిగిపోయాడు. కొయ్యతో చేసిన మనుషులు మాట్లాడారు, పిల్లల్నీ కన్నారు. చేసినవాళ్లను మాత్రం తలుచుకోలేదు. వాళ్లమీదికి వరద వచ్చింది, వాళ్లు వాడుకున్న కుండలూ తిరగలి రాళ్లూ కూడా తిరగబడ్డాయి. చివరికి ష్ముకానే అనే ముసలి దేవత పసుపుపచ్చ, తెల్ల మొక్కజొన్నను తొమ్మిదిసార్లు విసిరితే, ఆ పిండితో చేసిన మనుషులు నిలిచారు. పేరు తలుచుకోవడం, రోజు పాటించడం: మనిషికి అప్పగించిన పని ఇదే. గుడి కట్టినా, రక్తం చిందించినా ఈ పని కోసమే.

రోజు పాటించాలంటే ముందు అది ఏ రోజో తెలియాలి. మాయలకు రెండు లెక్కలు పక్కపక్కన నడిచేవి. పూజలకు, జోస్యానికి వాడేది 260 రోజులది. 1 నుంచి 13 దాకా అంకెలు, వాటి పక్కన 20 పేర్లు, రెండూ ఒకేసారి ముందుకు కదులుతాయి. 1 ఇమిష్, 2 ఇక్, 3 అక్బల్ అంటూ 13 బెన్ దాకా వచ్చాక తర్వాతి పేరు ఇష్‌కు మళ్లీ 1 పడుతుంది. 20 రోజుల నెలలు పద్ధెనిమిది, చివర అయిదు రోజులు కలిపి 365 రోజులది రెండో లెక్క. ఆ చివరి అయిదు రోజుల పేరు వయేబ్. అవి చెడ్డ రోజులని, జనం తల దువ్వుకోకుండా, స్నానం చెయ్యకుండా, బరువు పనులు ముట్టకుండా గడిపేవారని 16వ శతాబ్దంలో మెక్సికోలోని యుకతాన్ ద్వీపకల్పంలో ఉన్న స్పెయిన్ పాద్రీ దియేగో దె లాందా రాసిపెట్టాడు.

ఇక్కడ లెక్కలో ఒక అందం ఉంది. 365ని 20తో భాగిస్తే 5 మిగులుతుంది కాబట్టి కొత్త సంవత్సరం ఎప్పుడూ నాలుగు రోజుపేర్లలో ఒకదానితోనే మొదలవ్వాలి. 13తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి అంకె ఏటా ఒకటి పెరుగుతుంది. నాలుగు పేర్లు, పదమూడు అంకెలు, మొత్తం 52 ఏళ్లు. 18,980 రోజులు గడిస్తే గానీ అదే జంట తేదీ తిరిగి రాదు. లాందా కాలంలో యుకతాన్‌లో సంవత్సరాన్ని మోసే ఆ నాలుగు పేర్లు కాన్, ములుక్, ఇష్, కవాక్. ఒక్కోదానికి ఒక దిక్కు, ఒక రంగు. ఏ దిక్కు వంతు వస్తే ఆ దిక్కున ఊరి పొలిమేరలో రాళ్ల కుప్పమీద మట్టి బొమ్మను నిలిపి ధూపం వేసేవారు.

52 ఏళ్ల చక్రంతో ఒక చిక్కుంది. మన ప్రభవాది అరవై ఏళ్లకూ అదే చిక్కు: సంవత్సరం పేరొక్కటే చెబితే అది ఏ శతాబ్దమో తేలదు. అందుకే మన శాసనాల్లో ఆ పేరుతోపాటు శక సంవత్సరపు అంకె చెక్కేవారు. మాయలు సృష్టి జరిగిన రోజునుంచి ఎన్ని రోజులు గడిచాయో లెక్కపెట్టారు. 20 రోజులు ఒక వినాల్, 360 రోజులు ఒక తున్, 7,200 ఒక కతున్, 1,44,000 ఒక బక్తున్. ఆ సృష్టిదినం 260 రోజుల లెక్కలో 4 అహవ్, 365 రోజుల లెక్కలో 8 కుమ్కు, మన లెక్కలో క్రీస్తుపూర్వం 3114 ఆగస్టు 11.

ఇదంతా రాతిమీద ఎలా పనిచేస్తుందో ఒక్క ఉదాహరణలో చూద్దాం. మెక్సికోలో ఉసుమసింత నది ఒడ్డున యాష్చిలాన్ నగరం ఉంది. అక్కడ 23వ నంబరు కట్టడం ద్వారబంధాల పైరాళ్లలో ఒకటి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాన్ని 24వ రాయి అంటారు. దానిమీది తేదీ 5 ఎబ్ 15 మక్, అంతే. దీన్ని 9.13.17.15.12గా, అంటే 9 బక్తున్‌లు, 13 కతున్‌లు, 17 తున్‌లు, 15 వినాల్‌లు, 12 రోజులుగా గుర్తించారు. కూడి చూడండి: 12,96,000, 93,600, 6,120, 300, 12, మొత్తం 13,96,032 రోజులు. 13తో భాగిస్తే 1 మిగులుతుంది, సృష్టిదినపు 4కు అది కలిపితే 5. 20తో భాగిస్తే 12, అహవ్ తర్వాత పన్నెండో పేరు ఎబ్. 365తో భాగిస్తే 272, 8 కుమ్కునుంచి అన్ని రోజులు నడిస్తే 15 మక్. చాలామంది తప్పేది ఈ చివరి మెట్టు దగ్గరే. మాయల నెల 0తో మొదలై 19తో ముగుస్తుంది. దాన్ని 1తో మొదలుపెట్టినా, వయేబ్ అయిదు రోజులు మరిచినా తేదీ కుదరదు. సరిగ్గా చేస్తే అది క్రీస్తుశకం 709 అక్టోబరు 26. అదే జంట 657లోనూ, 761లోనూ పడుతుంది. రాతిమీదున్న రాజు మూడవ ఇట్సమ్నాహ్ బహ్లామ్ ఏలింది 681నుంచి 742 దాకా, కాబట్టి 709 ఒక్కటే నిలుస్తుంది.

బొమ్మలో రాజు మండుతున్న పొడవాటి కాగడా పట్టుకుని నిలబడ్డాడు. అంటే రాత్రివేళో, చీకటి గదో. ఎదుట రాణి కబాల్ షోక్ మోకాళ్లమీద కూర్చుని, ముళ్లు గుచ్చిన తాడును నాలుకకు చేసిన రంధ్రంలోంచి లాగుతోంది. తాడు కింది కొస ఒక బుట్టలో పడుతోంది, అందులో రక్తం చుక్కలు పడ్డ కాగితాలున్నాయి. ఆ కాగితం మర్రి, రావి జాతికే చెందిన చెట్ల లోపలి బెరడును నానబెట్టి, కొట్టి చేసింది. తర్వాత ఆ కాగితాల్ని కోపాల్ చెట్టు బంకతో కలిపి కాల్చేవారు. దేవుడికి అందేది పొగే. పక్కనున్న 25వ రాతిలో గిన్నెలోని కాగితాల దగ్గర్నుంచి పెద్ద పాము పైకి లేస్తుంది, దాని నోట్లోంచి ఆయుధం పట్టిన ఒక యోధుడు బయటికొస్తాడు. పూర్వీకులూ దేవతలూ కనపడే దారి అది.

మగవాళ్లు చెవి తమ్మెనుంచి, మర్మాంగం నుంచి రక్తం తీసేవారు. ముఖ్యమైన పనిముట్లు రెండు: అగ్నిపర్వతపు నల్లగాజు బ్లేడు, టేకు చేప తోకముల్లు. గాజు బ్లేడు పదును మహా ఎక్కువ, కానీ అడ్డంగా ఒత్తిడి పడితే పుటుక్కున విరుగుతుంది. తోకముల్లుకు వెనక్కి తిరిగిన రంపపు పళ్లుంటాయి, గుచ్చాక వెనక్కి లాగితే కండ చీరుకుపోతుంది. ఈ బాధ రాజుకూ రాణికీ తప్పలేదన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఇక్కడ అధికారం ఉన్నవాడే ముందు తన ఒంటిని కోసుకోవాలి.

పరుల ప్రాణాలూ తీశారు, దాన్ని దాచక్కర్లేదు. యుకతాన్‌లోని చిచెన్ ఇట్సా నగరపు పవిత్ర బావిలో, అంటే సున్నపురాతి నేల కుంగి ఏర్పడ్డ సహజమైన గుండంలో, మనుషుల్నీ పచ్చరాళ్లనూ బంగారాన్నీ కోపాల్ ముద్దల్నీ వేశారు. బలిచ్చేవాళ్లకు నీలం రంగు పూసేవారు. నీలిమందును ఒక రకం తెల్లబంకమట్టితో కలిపి వేడిచేస్తే వచ్చే ఆ రంగు వానకూ ఆమ్లానికీ పోదు. బావి అడుగున నాలుగు మీటర్లకు పైగా మందాన నీలం బురద పేరుకుంది. అందమైన కన్యల్ని తోసేసేవారన్న ప్రచారం మాత్రం నిలవదు. ఆ బావి దగ్గర్లోనే 1967లో బయటపడ్డ భూగర్భపు తొట్టిలోని ఎముకల్లో 64 మంది పిల్లల జన్యువుల్ని పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. అందరూ మగపిల్లలే. వాళ్లలో రెండు జంటలు ఒకే పోలిక కవలలు. పోపోల్ వుహ్‌లో పాతాళానికి దిగి మృత్యుదేవతల్ని గెలిచింది కూడా కవల అన్నదమ్ములేనని గుర్తుంచుకుంటే ఆ ఎంపిక ఊరికే జరగలేదనిపిస్తుంది.

2012 డిసెంబరు 21న ప్రపంచం ముగుస్తుందని మాయలు చెప్పారన్న పుకారు మన టీవీల్లోనూ మోగింది. ఆ రోజు 13 బక్తున్‌లు నిండాయి, అంతకుమించి ఏమీ లేదు. పాలెంకె నగరంలో పకాల్ రాజు సమాధిగుడి శాసనం చదివినవాళ్లు ఆ మాట అనలేరు. ఆయన 615లో పట్టాభిషిక్తుడైన తేదీ 9.9.2.4.8. దానికి 52 ఏళ్ల చక్రాలు ఎనభై కలిపి, ఆ వేడుక తిరిగి వచ్చే రోజు ఏదో రాతిలో చెక్కించారు. 13,61,608కి 15,18,400 కలిపితే 28,80,008 అవుతుంది. ఇరవై బక్తున్‌లు నిండిన ఎనిమిదో రోజు అన్నమాట. మన క్యాలెండర్లో అది 4772 అక్టోబరు.

1562 జూలై 12న యుకతాన్‌లోని మనీ పట్టణంలో ఇదే లాందా విగ్రహాలతోపాటు మాయల మడతపుస్తకాల్ని తగలబెట్టించాడు. నేటికి మిగిలినవి నాలుగే. వాటిలో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్నదాంట్లో శుక్రగ్రహం పట్టిక ఉంది: 584 రోజుల చొప్పున అయిదు తిరుగుళ్లు, అవి సరిగ్గా ఎనిమిది 365 రోజుల ఏళ్లు.

పుస్తకాలు కాలిపోయినా లెక్క ఆగలేదు. గ్వాటెమాలాలో మొమొస్తెనాంగో లాంటి ఊళ్లలో రోజుల్ని కాచేవాళ్లు ఇవాళా ఉన్నారు, వాళ్లను అహ్ కీహ్ అంటారు. 260 రోజులకోసారి వచ్చే 8 బాట్స్ నాడు కొత్తవాళ్లు దీక్ష తీసుకుంటారు. ఎవరైనా కష్టం చెప్పుకోడానికి వస్తే ఎర్రటి త్సితే గింజలు గుప్పెడు తీసి, నాలుగేసి చొప్పున కుప్పలు పేర్చి, ఒక్కో కుప్పకు ఒక్కో రోజు పేరు వరసగా పలుకుతూ పోతారు. చివరి కుప్ప ఏ రోజు దగ్గర ఆగిందో దాన్నిబట్టి జవాబు చెబుతారు. రాళ్లమీది తేదీల్ని మన క్యాలెండర్‌తో జోడించడానికి పండితులు శతాబ్దానికి పైగా వాదులాడుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకున్న లెక్క ప్రకారం యాష్చిలాన్‌లో రాణి నాలుక కోసుకున్న 5 ఎబ్ నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తే, ఈ పూట ఆ కొండల్లోని అహ్ కీహ్ ఏ రోజు పేరు పలుకుతాడో సరిగ్గా ఆ పేరు దగ్గరికే చేరుతాం.