బొడ్డు చుట్టూ 14 సూదులా? ఇంకా అదే మాటా!

బెంగళూరు మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్ కుర్రాడి పిక్క పట్టుకుంది వీధికుక్క. రూమ్మేట్ల వైద్యం ఏంటో తెలుసా? "టీటీ వేయించుకోరా, చాలు. పది రోజులు కుక్కని చూద్దాం. లేకపోతే బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారు." అందరూ ఇంజనీర్లే, కర్మ!

ఆ పద్నాలుగు సంగతి ముందు తేల్చేద్దాం. అబద్ధం కాదు, మన నాన్నల కాలం నాటిది. గొర్రె మెదడుతో చేసిన రేబిస్ టీకా, రోజుకొకటి పొట్ట మీద. మన దేశంలో 2004 చివర్లో దాని తయారీ ఆపేశారు. ఇప్పుడు జబ్బకి నాలుగైదు విడతల్లో సూదులు, అంతే. టీకా మారింది కానీ బొడ్డు భయం మారలేదు.

(స్క్రీన్ మీద బెంగళూరు మ్యాప్)

రేబిస్ వైరస్ నరాలు పట్టుకుని మెదడుకి పోతుంది. మెదడు ఊరి నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ బస్టాండ్ అనుకోండి. కాలికి కరిస్తే వైరస్ ఊరి చివర ఎలక్ట్రానిక్ సిటీలో బస్సెక్కినట్టు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి రావాలి, పాపం. మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు. మొహం మీద కరిస్తే మెజెస్టిక్ దగ్గర్లోని చిక్‌పేటలో ఎక్కినట్టే. చిన్నపిల్లల్ని కరిస్తే డాక్టర్లు అంత కంగారుపడేది అందుకే.

వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగారా, చాలా వైరస్‌ని బస్టాపులోనే పట్టేసినట్టు. కారం, సున్నం పూస్తే పుండు రేగడం తప్ప ఒరిగేదేం లేదు.

టీకా వేయగానే పోలీసులు దిగిపోరు. ఆ పోలీసులే యాంటీబాడీలు, ఒంట్లో తయారవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఈలోగా బస్సు కదిలితే? అందుకే గాయమై రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా. బయటి నుంచి తెప్పించిన రెడీమేడ్ పోలీసులు, నేరుగా గాయంలోకే దింపుతారు. నొప్పి పుడుతుంది, నిజమే. "టీకా వేశారుగా" అని దీన్ని ఎగ్గొట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట.

టీటీ ధనుర్వాతానికండీ బాబూ. అది వేరే రూటు బస్సు!

కుక్కని పది రోజులు చూడండి, కాదనను. మొదటి సూది పడ్డాక చూడండి. అది నిక్షేపంగా ఉంటే మిగతా డోసులు ఆపాలా వద్దా డాక్టరు చెబుతారు. అసలు వీధికుక్కని పది రోజులు ఏ సందులో వెతుకుతారు? బస్సు మెజెస్టిక్ చేరి, నీళ్ళంటే భయం మొదలైందా, ఇక మందు లేదు. మన బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన రేబిస్ ల్యాబే ఉంది. అక్కడైనా జబ్బు ఇదని తేల్చగలరు, వెనక్కి తిప్పలేరు.

టైం అయిపోతోంది, గబగబా. టీకా కండలోకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో. చర్మంలోకైతే 0, 3, 7, 28. పిరుదుకి వేయించుకోవద్దు, పసిపిల్లలకి తొడకి వేస్తారు. గర్భిణులకీ వేయొచ్చు. పత్యం ఏం లేదు, మటన్ తినండి. రక్తం రాని గోటి గీరుకీ టీకా పడాల్సిందే. పిల్లి, కోతి కరిచినా అంతే.

సున్నా రోజంటే మొదటి సూది పడ్డ రోజు, కరిచిన రోజు కాదు. కరిచి వారం దాటిందా? ఇప్పుడే వెళ్ళండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే.