జన్నత్‌లో చోటు దొరికినవారు

సభకు నమస్కారం.

అరుంధతీ రాయ్ తన రెండవ నవల 'ది మినిస్ట్రీ ఆఫ్ అట్మోస్ట్ హ్యాపీనెస్'ను 2017లో, మొదటి నవల వచ్చిన ఇరవై ఏళ్లకు, వెలువరించారు. దాని మీద జరిగిన చర్చలో ఎక్కువ భాగం కశ్మీరు చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమైనదే, అయినా ఈ సాయంత్రం నేను దాని జోలికి పోకుండా, పాత ఢిల్లీలో ఒక ప్రభుత్వాసుపత్రి వెనక ఖబరస్తాన్‌లో ఈ నవలలోని అంజుమ్ అనే హిజ్రా కట్టుకున్న ఇంటి గురించి మాత్రమే మాట్లాడతాను. ఎవరికీ అక్కరలేనివారు ఒకచోట చేరి ప్రేమగా బతికారని చెప్పే కథలు మనకు కొత్త కావు. ఈ నవల ప్రత్యేకత వేరు. ఒకరికి ఒకరు ఏమవుతారో తేల్చడానికి ఇది అడిగే ప్రశ్న ప్రేమను గురించినది కాదు, శవాన్ని గురించినది: నువ్వు పోతే నీ శవాన్ని ఎవరు తీసుకుపోతారు?

అఫ్తాబ్‌గా పుట్టిన అంజుమ్ మొదట చేరినది ఖ్వాబ్‌గా అనే హిజ్రాల ఇంటికి. కులాన్నీ మతాన్నీ పక్కనపెట్టిన స్వర్గంలాగా రచయిత్రి దాన్ని చూపించలేదు. అక్కడ ఉస్తాద్ కుల్సూమ్ బీ పెద్దరికం ఉంది, గురువుకు చేలాలు, అంటే శిష్యులు, చెల్లించవలసిన విధేయత ఉంది, బయటి లోకాన్ని 'దునియా' అని దూరంగా పిలిచే అలవాటూ ఉంది. పి. సత్యవతి గారి అనువాదంలో 'ఒక హిజ్రా ఆత్మకథ' చదివిన తెలుగు పాఠకులకు ఈ గురుచేలా వ్యవస్థలోని ఆదరణా, అందులోని కఠినత్వమూ రెండూ తెలిసినవే. జామా మసీదు మెట్ల మీద దొరికిన జైనబ్‌ను అంజుమ్ తెచ్చి పెంచుకుంటుంది. ఆ పిల్ల కోసం ఖ్వాబ్‌గాలోనే ఉండే సయీదాతో ఆమె పడే పోటీ, పిల్లకు జబ్బు చేస్తే సయీదా చేతబడి చేయించిందని అనుమానించడం, ఇవన్నీ ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా జరిగేవే. కోరి కట్టుకున్న కుటుంబమైనంత మాత్రాన అసూయ గడప అవతలే ఆగిపోదని రచయిత్రికి తెలుసు. నన్ను ఈ నవల నమ్మించినది ముందుగా ఇక్కడే.

2002లో గుజరాత్ వెళ్లిన అంజుమ్ అల్లర్లలో చిక్కుకుంటుంది. వెంట వెళ్లిన జాకిర్ మియాను చంపినవారు హిజ్రాను చంపితే అరిష్టమని ఆమెను వదిలేస్తారు. సమాజం తనను మనిషిగా లెక్కపెట్టకపోవడమే ఆమె ప్రాణం నిలిపింది, ఆ తరువాత ఆ ప్రాణాన్ని ఆమె మోయలేకపోయింది. తిరిగి వచ్చాక జైనబ్‌కు మగపిల్లవాడి బట్టలు తొడిగి గాయత్రీ మంత్రం నేర్పిస్తుంది. మూక ఎదురైతే పిల్ల దాన్ని చదివి బయటపడాలన్నది ఆమె ఆలోచన. తల్లి ప్రేమ ఇంత భయంకరమైన రూపంలో కనబడే ఘట్టాలు ఇటీవలి నవలల్లో అరుదు. ఆ భయంతో కలిసి ఉండలేక ఖ్వాబ్‌గా, ఖ్వాబ్‌గాలో ఉండలేక అంజుమ్, విడిపోతారు.

ఆమె తన వాళ్ల సమాధుల మధ్యకు చేరి, క్రమంగా వాటి చుట్టూ గోడలు లేపి గదులు కడుతుంది. దానికి జన్నత్ గెస్ట్ హౌస్ అని పేరు, జన్నత్ అంటే స్వర్గం. ఖబరస్తాన్‌లో బతకడానికి వీల్లేదని మునిసిపాలిటీవారు అభ్యంతరం చెబితే, తాను బతకడం లేదనీ చస్తున్నాననీ జవాబిస్తుంది. తరువాత ఆ ఇల్లు అంత్యక్రియలు కూడా చేపడుతుంది. ఒళ్లమ్ముకుని బతికిన ఒక స్త్రీ శవానికి స్నానం చేయించేవారు కూడా దొరకనప్పుడు ఆ పని మొదలవుతుంది. నియమం ఒక్కటే: దునియాలోని ఖబరస్తాన్లూ ఇమాములూ కాదన్నవారికే అక్కడ చోటు. సద్దాం హుస్సేన్ అని పేరు మార్చుకున్న దళిత యువకుడు ఆ ఇంటికి రావడం కూడా ఈ వరుసలోనే అర్థమవుతుంది. చచ్చిన ఆవును తోలు కోసం తీసుకుపోతున్న తండ్రిని మూక కొట్టి చంపుతుంటే చూసినవాడు అతను. ఆ తండ్రికి అంత్యక్రియలు ఏళ్ల తరువాత ఇక్కడే, దేహం లేకుండా జరుగుతాయి.

ఇది కల్పన కదా అని పక్కన పెట్టడానికి లేదు. మన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం, 2019, కుటుంబాన్ని నిర్వచిస్తూ రక్తసంబంధం, వివాహం, చట్టప్రకారం జరిగిన దత్తత అనే మూడింటినే లెక్కలోకి తీసుకుంది. 2014లో సుప్రీంకోర్టు, జాతీయ న్యాయసేవల అధికార సంస్థ (నల్సా) కేసు తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ జెండర్‌గా గుర్తించినా, ఐదేళ్ల తరువాత వచ్చిన ఈ నిర్వచనంలో గురువుకూ చేలాకూ, అంజుమ్‌కూ జైనబ్‌కూ చోటు లేదు. సొంతవాళ్లు గెంటేసిన మనిషి ఆసుపత్రిలో చేరినప్పుడు, ఆ కాగితాల మీద సంతకం పెట్టవలసినవారిగా చట్టానికి ముందు కనబడేది గెంటేసినవారే.

నవల మీద నాకు అసంతృప్తి లేకపోలేదు. చివరికి వచ్చేసరికి జన్నత్‌లోకి అందరూ వచ్చి చేరుతారు: కశ్మీరు కథలో ముఖ్యపాత్ర అయిన తిలో, జంతర్ మంతర్ దగ్గర దొరికిన పసిపాప, గుర్రం, మేక, చదువు చెప్పించుకునే పిల్లలు. సద్దాంకూ జైనబ్‌కూ పెళ్లి కూడా జరుగుతుంది. ఖ్వాబ్‌గాలో అంత నిజాయితీగా చూపిన చిరాకులూ పోటీలూ ఇక్కడ మాయమవుతాయి. రచయిత్రి తన కోరికను పాత్రల మీద కప్పిందనిపిస్తుంది. కానీ ఆ పాప కన్నతల్లి రేవతి ఉత్తరం వచ్చినప్పుడు నవల మళ్లీ నేల మీదికి దిగుతుంది. రేవతి తెలుగు మనిషి, మావోయిస్టు. పోలీసుల అత్యాచారం వల్ల కలిగిన బిడ్డను పెంచలేక వదిలి, ఆ సంగతంతా రాసి పంపి, అడవిలోనే చనిపోతుంది. జన్నత్‌వాళ్లు ఆమె శవం లేకపోయినా ఆ ఉత్తరాన్నే ఖననం చేస్తారు. తల్లి పెట్టిన ఉదయ అన్న పేరును తీసివేయకుండా, తిలో పెట్టిన జెబీన్ అన్న పేరుకు ముందు చేర్చి, ఆ పాపను మిస్ ఉదయ జెబీన్ అని పిలవడం మొదలుపెడతారు.