కరెంటుకు ముందు

(పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. పేరుపేరునా పలకరిస్తే పొద్దుపోతుంది, పెద్దలు మన్నించాలి.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఆయన పాఠాలు చెప్పిన ఊరిది. సవరల భాష నేర్చుకుని, వాళ్లకు ఆ భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన మనిషి. ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడమన్నారు, రాసుకొచ్చాను. కానీ రాస్తున్నంతసేపూ మా అన్నయ్యే కళ్లముందు మెదిలాడు. ముందు అది చెప్పనివ్వండి.

అన్నయ్యకు మెదడులో కణితి. ఆపరేషన్ అయ్యాక విశాఖలో కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్ చికిత్స. వారానికి 5 రోజులు, 6 వారాలు. ముఖానికి అచ్చుగా అమరే ప్లాస్టిక్ తొడుగు వేసి తల కదలకుండా బల్లకు బిగించేవారు. నొప్పి ఉండదు. అద్దె గదికి వచ్చిన గంటకో రెండు గంటలకో డోకులు మొదలయ్యేవి. వదిన పైత్యమనుకుని అల్లం రసం పట్టేది. వాంతి అయ్యాక నేను మాత్ర వేసేదాన్ని. అదీ కక్కేసేవాడు.

ఆ మాత్ర ఒండాన్సెట్రాన్. కరెంటుకు అరగంటో గంటో ముందు వేయాలి. చీటీలో ఆ ముక్క ఉంది, ఇంగ్లీషు పొడి అక్షరాల్లో. తెలుగు, ఒడియా రెండూ చదివే ఇల్లు మాది. బడిలో పాఠాలు చెప్పినదాన్ని. 18 రోజులు తప్పుగా వేశాను. 18 రోజులండీ!

అన్నయ్య డాక్టరుకు చెప్పనివ్వలేదు. "చెబితే కరెంటు ఆపేస్తారేమోనమ్మా" అనేవాడు.

అమ్మా, వెనక కూర్చున్నవాళ్లూ వినండి. మీ ఇళ్లలో ఎవరికైనా ఇది వస్తే దాచకండి. అది పైత్యం కాదు. కరెంటుకు మెదడు వాస్తుంది, పుర్రె సాగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. వాంతిని పుట్టించే చోటు కూడా మెదడు అడుగునే ఉంది. వాపు తగ్గడానికి డెక్సామెథాసోన్ ఇస్తారు. దానివల్ల చక్కెర పెరగవచ్చు, అయినా మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. వాంతులతోపాటు తలనొప్పి ముదిరినా, మనిషి మగతగా పడివున్నా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. తొడుగు కింద డోకు వస్తే చెయ్యెత్తమనండి. బయటినుంచి చూస్తూనే ఉంటారు, యంత్రం ఆపి వస్తారు.

పంతొమ్మిదో రోజున ఒక నర్సమ్మ, శ్రీకాకుళం వైపు పిల్ల, అన్నయ్య వాలకం చూసి తనే అడిగింది. మాత్రల అట్ట వెనక "కరెంటుకు ముందు" అని తెలుగులో రాసిచ్చింది. రెండు మాటలు. మర్నాడు సాయంత్రం అన్నయ్య పెరుగన్నం తిన్నాడు.

ఆ అట్టముక్క నా దగ్గరే ఉంది. ఇవాళ తెచ్చాను. పంతులుగారి పటం ముందు పెడతాను.